సాకెట్ సర్వర్‌కి థ్రెడ్లా, ఈవెంట్ లూపా?

బస్సుల్లో పెట్టే జీపీఎస్ పెట్టె చేసే పని చాలా చిన్నది. లోపలున్న సిమ్‌తో మన సర్వర్‌కి ఒక టీసీపీ కనెక్షన్ తెరుస్తుంది. పది సెకన్లకోసారి ఒక లైను పంపుతుంది: పెట్టె నంబరు, టైము, అక్షాంశం, రేఖాంశం, వేగం. మిగతా సమయమంతా ఆ కనెక్షన్ ఊరికే తెరిచి ఉంటుంది. పెట్టెలు రెండొందలు ఉన్నప్పుడు పైథాన్‌లో కనెక్షన్‌కో థ్రెడ్ (ప్రోగ్రామ్ లోపల విడిగా నడిచే పని వరస) పెట్టి రాసిన సర్వర్ మా దగ్గర ఏడాదిపైగా కిక్కురుమనకుండా నడిచింది. అవి మూడు వేలవుతాయని తెలిసిన రోజు టీమ్‌లో అందరిదీ ఒకటే మాట: ఈవెంట్ లూప్‌కి మార్చేద్దాం.

మార్చాం. ముందుకన్నా అధ్వాన్నమైంది. ఎందుకైందో చూస్తే, ఏది ఎప్పుడు ఎంచుకోవాలన్న ప్రశ్న సగం తేలిపోతుంది.

కిక్కిరిసిన పల్లెవెలుగు బస్సులో కండక్టరు ఒక్కడే ఉంటాడు. యాభై రూపాయల టికెట్టుకి ఎవరైనా ఐదొందల నోటు ఇస్తే, చిల్లర దొరికేదాకా వాళ్ళ దగ్గరే నిలబడిపోడు. టికెట్ వెనకాల 450 అని రాసిచ్చి పక్క సీటుకి వెళ్ళిపోతాడు. చిల్లర పోగయ్యాక వచ్చి ఇస్తాడు. ఈవెంట్ లూప్ చేసేదీ ఇదే. ఒక సాకెట్‌లో (అంటే కనెక్షన్‌కి మన వైపు కొసలో) ఇంకా డేటా రాకపోతే, ఇది చదవాల్సి ఉందని రాసి పెట్టుకుని, సిద్ధంగా ఉన్న ఇంకో సాకెట్ పని చూస్తుంది. ఏ సాకెట్ సిద్ధమైందో కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) చెబుతుంది. కోడ్‌లో అవెయిట్ అని కనిపించిన ప్రతి చోటూ, కావాల్సింది ఇంకా రాకపోతే టికెట్ వెనక రాసిచ్చే చోటే. థ్రెడ్ల పద్ధతి అంటే సీటుకో కండక్టరు. ఎవరు ఎంతసేపు నిలబడినా పక్కవాళ్ళకి నష్టం లేదు. కాకపోతే అంతమంది కండక్టర్లకి బస్సులో చోటు కావాలి.

ఒక్కడే ఉన్న బస్సులో ఆ ఒక్కడూ ఎవరితోనో గొడవకి దిగాడనుకోండి. ఇక ఎవరికీ టికెట్టు అందదు. మాకు జరిగింది అదే.

మూడు వేల పెట్టెలు, పది సెకన్లకో లైను. అంటే సెకనుకి 300 లైన్లు. ప్రతి లైనూ డేటాబేస్‌లో పడాలి. డేటాబేస్‌తో మాట్లాడటానికి మేం వాడుతున్న లైబ్రరీ, అంటే డ్రైవర్, మామూలు బ్లాకింగ్ రకం: జవాబు వచ్చేదాకా పిలిచిన కోడ్‌ని అక్కడే ఆపేస్తుంది. ఒక్కో ఇన్సర్ట్‌కి (ఒక లైనుని డేటాబేస్‌లో వేయడానికి) దాదాపు 4 మిల్లీసెకన్లు. మూడొందల్ని నాలుగుతో గుణిస్తే 1200. సెకనులో రావాల్సిన పనికి 1.2 సెకన్లు పడుతోంది. ఆ 4 మిల్లీసెకన్లూ లూప్ ఇంకే సాకెట్‌నీ చూడదు. నిమిషానికి పన్నెండు సెకన్ల చొప్పున బాకీ పెరుగుతూ పోయింది. అరగంట తర్వాత మ్యాప్‌లో బస్సు ఇంకా వెనకటి స్టాపులోనే ఉంది, నిజం బస్సు మాత్రం డిపోకి చేరిపోయింది. సీపీయూ చూస్తే దాదాపు ఖాళీ.

అదే డ్రైవర్‌తో పాత థ్రెడ్ల సర్వర్ ఎలా నెట్టుకొచ్చింది? ఒక థ్రెడ్ డేటాబేస్ జవాబు కోసం ఆగినప్పుడు పైథాన్ దాని దగ్గర్నుంచి గిల్ తాళం (ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే నడవనిచ్చేది) తీసుకుని ఇంకో థ్రెడ్‌కి ఇస్తుంది. ఇరవై ఇన్సర్టులు ఒకేసారి దారిలో ఉండొచ్చు. మేం లూప్‌కి మారి ఆ సౌకర్యాన్ని చేజేతులా వదులుకున్నాం. ఫంక్షన్ ముందు అసింక్ (లూప్‌ని ఆపకుండా నడిచేది) అని రాసినంత మాత్రాన లోపలున్న బ్లాకింగ్ కాల్ అసింక్ అయిపోదు.

దిద్దుబాటు పెద్దదేం కాదు. పెట్టె నుంచి చదివే కోరొటీన్ (లూప్ నడిపించే అసింక్ ఫంక్షన్) లైనుని క్యూలో వేసి వెళ్ళిపోతుంది. ఇంకో కోరొటీన్ సెకనుకోసారి క్యూలో ఉన్నవన్నీ తీసి ఒకే ఇన్సర్ట్‌గా కట్టి, ఆ బ్లాకింగ్ పనిని పక్క థ్రెడ్‌కి అప్పగిస్తుంది. పైథాన్ 3.9 నుంచి దీనికి టు-థ్రెడ్ అనే చిన్న ఫంక్షన్ ఉంది. 300 ఇన్సర్టులు ఒకటయ్యాయి, లూప్ ఊపిరి పీల్చుకుంది.

అందుకే ఎవరైనా ఏది స్పీడని అడిగితే నేను ఎదురు అడుగుతాను: మీ సర్వర్ వాడే లైబ్రరీల్లో బ్లాక్ అయ్యేవి ఎన్ని? డేటాబేస్ డ్రైవర్, హెచ్‌టీటీపీ క్లయింట్, రెడిస్ క్లయింట్, ఎస్సెమ్మెస్ పంపే ఆ కంపెనీవాళ్ళ ఎస్‌డీకే. వీటన్నిటికీ అసింక్ వెర్షన్ ఉందా? లేకపోతే వాటిని థ్రెడ్లలోకి నెట్టే ఓపిక ఉందా? జవాబు రెండిటికీ లేదు అయితే థ్రెడ్లతోనే ఉండండి.

థ్రెడ్లకి అంత చెడ్డపేరు అక్కర్లేదు

లైనక్స్‌లో ఒక్కో థ్రెడ్‌కి మామూలుగా 8 ఎంబీ స్టాక్ (థ్రెడ్ తన పనికి వాడుకునే మెమరీ) ఉంటుంది, మూడు వేలకి 24 జీబీ అని లెక్కగట్టి భయపెడుతుంటారు. ఆ 8 ఎంబీ చిరునామాలు కేటాయించడం వరకే. థ్రెడ్ నిజంగా ముట్టుకున్న పేజీలకే ర్యామ్ ఖర్చవుతుంది. మా పాత సర్వర్‌కి మూడు వేల నకిలీ పెట్టెలు తగిలించి చూస్తే అది పడిపోయింది, నిజమే. కానీ థ్రెడ్ల వల్ల కాదు. "టూ మెనీ ఓపెన్ ఫైల్స్" అని ఏడ్చింది. ఒక ప్రాసెస్ ఒకేసారి తెరిచి ఉంచగల ఫైళ్ళకి చాలా లైనక్స్ సిస్టమ్‌లలో మామూలు హద్దు 1024. సాకెట్ కూడా ఫైలు లెక్కే. హద్దు పెంచాక అది నడిచింది. లూప్‌కి మారినా ఈ హద్దు పెంచక తప్పదు.

మరి థ్రెడ్లతో అసలు ఇబ్బంది ఎక్కడ? నా అనుభవంలో మెమరీ కన్నా ముందు వచ్చేవి రెండు. ఒకటి, ఆపడం. రిసీవ్ దగ్గర కూర్చున్న థ్రెడ్‌ని పైథాన్‌లో బయటి నుంచి చంపలేం. ప్రతి సాకెట్‌కీ టైమవుట్ పెట్టి, మధ్యమధ్యలో లేచి, నేనింకా ఉండాలా అని జెండా చూసుకునే కోడ్ రాయాలి. లూప్‌లో టాస్క్‌ని (లూప్‌కి అప్పగించిన కోరొటీన్‌ని) క్యాన్సిల్ చేస్తే అది ఆగి ఉన్న అవెయిట్ దగ్గరే విరిగిపోతుంది. రెండోది, పంచుకునే డేటా. ఏ పెట్టె ఏ కనెక్షన్ మీద ఉందో చెప్పే ఒక డిక్షనరీ, అంటే పట్టిక, ఉంటుంది. థ్రెడ్లలో దాన్ని ముట్టుకునే ప్రతి చోటా లాక్ (ఒకరు వాడుతుంటే ఇంకొకరు ముట్టుకోకుండా వేసే తాళం) గురించి ఆలోచించాలి. లూప్‌లో రెండు అవెయిట్‌ల మధ్య మనల్ని ఎవరూ కదిలించరు, చాలా లాకులు మాయమైపోతాయి. అవెయిట్ దాటాక మాత్రం ప్రపంచం మారిపోయి ఉండొచ్చు. అవెయిట్‌కి ముందు చూసిన కనెక్షన్ ఆ తర్వాత మూసుకుపోయి ఉండొచ్చు. కొత్తవాళ్ళు తప్పు చేసేది ఇక్కడే.

కాబట్టి ఐదొందల లోపు కనెక్షన్లు, అన్నీ బ్లాకింగ్ లైబ్రరీలు, టీమ్‌లో అసింక్ తెలిసినవాళ్ళు లేరు అంటే నేను థ్రెడ్లే పెడతాను, సిగ్గుపడను. వేలల్లో కనెక్షన్లు, ఎక్కువ సమయం మౌనంగా ఉండేవి, ఒక్కోదానికీ టైమవుట్లు, క్యాన్సిల్ చేయాల్సిన అవసరాలు ఉన్నాయంటే లూప్. లైను లైనుకీ బొమ్మలు కుదించడం, పెద్ద లెక్కలు వేయడం లాంటి పనులుంటే రెండూ పనికిరావు. అది వేరే ప్రాసెస్‌లలోకి పోవాలి.

లూప్ కింద ఏముంది

ఏ సాకెట్ సిద్ధమైందో లూప్ కెర్నల్‌ని అడిగే పద్ధతులు కొన్ని ఉన్నాయి. ఇది క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే చాలామందికి ఇక్కడ ఎంచుకోవాల్సిన అవసరమే లేదు. సెలెక్ట్ 1983లో బీఎస్‌డీ యూనిక్స్‌తో వచ్చింది. పిలిచిన ప్రతిసారీ సాకెట్ల జాబితా మొత్తం కెర్నల్‌కి ఇవ్వాలి, అది మొత్తం తిరగేయాలి. పైగా లైనక్స్‌లో మామూలుగా 1024 హద్దు. పోల్‌లో ఆ హద్దు లేదు, తిరగేయడం మాత్రం ఉంది. పదివేల కనెక్షన్లు ఒక మెషీన్ మీద ఎలా మోయాలని డాన్ కెగెల్ 1999లో లేవనెత్తిన చర్చ సీ-టెన్-కే పేరుతో ప్రసిద్ధికెక్కింది. ఆ తర్వాత ఫ్రీబీఎస్‌డీలో కేక్యూ, లైనక్స్ 2.6లో ఈపోల్ అందరికీ అందుబాటులోకి వచ్చాయి. ఈపోల్‌లో జాబితా కెర్నల్ దగ్గరే ఉంటుంది, సిద్ధమైనవే చేతికిస్తుంది. మూడు వేలల్లో ముప్పై సాకెట్లు కదిలితే ముప్పైతోనే పని. ఇగోర్ సిసోయెవ్ 2004లో విడుదల చేసిన ఎన్‌జిన్ఎక్స్ వెబ్ సర్వర్ ఈ పద్ధతి మీదే పేరు తెచ్చుకుంది.

విండోస్ ఐఓసీపీ దారి వేరు. సాకెట్ సిద్ధమైందని కాదు, నువ్వడిగిన చదవడం పూర్తయిందని చెబుతుంది. పైథాన్‌తోనే వచ్చే ఈవెంట్ లూప్ లైబ్రరీ అసింక్‌ఐఓ 3.8 నుంచి విండోస్‌లో మామూలుగా దీన్నే వాడుతుంది, లైనక్స్‌లో ఈపోల్‌ని వాడుతుంది. మీరు వేలు పెట్టక్కర్లేదు. ఇక 2019లో లైనక్స్ 5.1తో వచ్చిన ఐఓ-యూరింగ్. జెన్స్ ఆక్స్‌బో రాసిన దీనివల్ల సిస్టమ్ కాల్స్ (ప్రోగ్రామ్ కెర్నల్‌ని పిలవడాలు) బాగా తగ్గుతాయి. కానీ భద్రతా లోపాలు వరసగా బయటపడటంతో 2023లో గూగుల్ తన సిస్టమ్‌లలో దీని వాడకాన్ని కట్టడి చేసింది. సెకనుకి 300 లైన్ల సర్వర్‌కి ఇది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే.

పైథాన్‌లోనే అయితే: స్ట్రీమ్స్, ప్రోటోకాల్, ఇంకా కొన్ని

అసింక్‌ఐఓ 2014లో పైథాన్ 3.4తో వచ్చింది. అసింక్, అవెయిట్ అనే మాటలు మరుసటి ఏడు 3.5లో చేరాయి. అంతకు చాలా ముందు నుంచీ ఉన్న ట్విస్టెడ్ అనే ఈవెంట్ లూప్ లైబ్రరీ ఇప్పటికీ నడుస్తోంది, కానీ కొత్త ప్రాజెక్టుకి దాంతో మొదలుపెట్టమని నేను చెప్పను. పాత కోడ్‌లో అసింకోర్ అనే మాడ్యూల్ కనిపిస్తే మాత్రం త్వరపడండి, పైథాన్ 3.12లో దాన్ని తీసేశారు.

అసింక్‌ఐఓ లోపల రెండు అంతస్తులున్నాయి. పైన స్ట్రీమ్స్: రీడ్‌లైన్‌ని అవెయిట్ చేస్తే ఒక లైను చేతికొస్తుంది, కోడ్ పైనుంచి కిందికి కథలా చదువుకోవచ్చు. కింద ప్రోటోకాల్ క్లాసులు: డేటా వచ్చినప్పుడల్లా మన ఫంక్షన్‌ని లూప్ పిలుస్తుంది. ప్రోటోకాల్ వేగంగా ఉంటుంది, పొరలు తక్కువ. కానీ వచ్చిన ముక్కల్ని కలుపుకోవడం మన నెత్తిన పడుతుంది.

ఆ ముక్కల సంగతి ఒకసారి దగ్గర్నుంచి చూడండి. టీసీపీకి మెసేజ్ అనేది తెలియదు, దానికి తెలిసింది బైట్ల ధార మాత్రమే. పెట్టె "17.3850,78.4867" అని పంపితే అది హైదరాబాద్ నడిబొడ్డు. సిగ్నల్ బాగా లేని చోట అదే లైను "17.3850,7" అని ఒకసారి, "8.4867" అని ఇంకోసారి రావచ్చు. మా టీమ్‌లో ఒకతను ప్రోటోకాల్ క్లాసులో వచ్చిన ముక్కని వచ్చినట్టే పార్స్ చేశాడు. ఒక బస్సు మ్యాప్‌లో నైజర్ దేశపు ఎడారిలో తేలింది. డ్రైవర్‌కి ఫోన్ చేస్తే మెహిదీపట్నంలో ట్రాఫిక్‌లో ఉన్నానన్నాడు. స్ట్రీమ్స్ వాడితే లైను చివరి గుర్తు వచ్చేదాకా రీడ్‌లైన్ ఆగుతుంది, ఈ తలనొప్పి ఉండదు. అందుకే ముందు స్ట్రీమ్స్‌తో రాయండి. కొలిచి చూశాక అదే అడ్డమని తేలితేనే ప్రోటోకాల్‌కి దిగండి.

స్ట్రీమ్స్‌లోనూ మూడు చోట్ల జాగ్రత్త కావాలి. మొదటిది లైను పొడవు. మామూలు హద్దు 64 కేబీ, అది దాటితే రీడ్‌లైన్ ఎర్రర్ ఇస్తుంది. ఇది మంచిదే. చెడిపోయిన పెట్టె ఒకటి లైను ముగించకుండా చెత్త పంపుతూ పోతే మన మెమరీ నిండకుండా కాపాడుతుంది. ఆ ఎర్రర్‌ని పట్టుకుని కనెక్షన్ మూసేయండి.

రెండోది చచ్చిన కనెక్షన్లు. బస్సు సిగ్నల్ లేని చోటికి వెళ్ళినా, పెట్టెకి కరెంటు పోయినా, పోతున్నానని చెప్పి పోదు. మన వైపు సాకెట్ బతికున్నట్టే కనిపిస్తుంది. టీసీపీ కీప్‌అలైవ్ (అవతలివాళ్ళు ఉన్నారా అని పలకరించే సదుపాయం) ఉంది కదా అంటారు. దాన్ని మనం ఆన్ చేయాలి. చేసినా లైనక్స్‌లో మొదటి పలకరింపు మామూలుగా 7200 సెకన్ల తర్వాత, అంటే రెండు గంటలకి. మేం రీడ్‌లైన్ చుట్టూ 35 సెకన్ల టైమవుట్ పెట్టాం. వరసగా మూడు లైన్లు రాకపోతే ఆ కనెక్షన్‌కి నీళ్ళు వదులుకోవడమే. పైథాన్ 3.11లో వచ్చిన అసింక్‌ఐఓ టైమవుట్ దీనికి చక్కగా సరిపోతుంది. థ్రెడ్లు పెట్టినా, గోలో రాసినా ఈ జాగ్రత్త తప్పదు.

మూడోది రాయడం. పెట్టెల వైపు కాదు, మ్యాప్‌లో బస్సు ఎక్కడుందో చూసేవాళ్ళ ఫోన్ల వైపు. రైట్ అనే కాల్ ఎప్పుడూ ఆగదు, డేటాని బఫర్‌లో (పంపేదాకా దాచే మెమరీలో) పడేసి వచ్చేస్తుంది. ఎవరి ఫోన్‌లోనో నెట్ నత్తనడకగా ఉంటే ఆ బఫర్ పెరుగుతూనే ఉంటుంది. డ్రెయిన్‌ని అవెయిట్ చేస్తే, బఫర్ 64 కేబీ దాటినప్పుడు అది తగ్గేదాకా ఆగుతాం. అంతవరకు బాగానే ఉంది. కానీ నాలుగొందల మంది చూస్తున్న బస్సుకి ఒకే వరసలో ఒకరి తర్వాత ఒకరికి రాసి డ్రెయిన్ చేస్తూ పోతే, మధ్యలో ఉన్న ఒక్క నత్త ఫోను మిగతా అందర్నీ ఆపేస్తుంది. చూసేవాళ్ళకి తలా ఒక చిన్న క్యూ, తలా ఒక టాస్క్ ఇవ్వండి. క్యూ నిండితే పాత స్థానాలు పారేయండి. బస్సు నిమిషం కింద ఎక్కడుందో ఎవరికి కావాలి?

యువీలూప్ గురించి ఒక మాట. నోడ్ (సర్వర్లలో జావాస్క్రిప్ట్‌ని నడిపేది) వాడే లిబ్‌యువీ లైబ్రరీ మీద కట్టిన లూప్ ఇది, అసింక్‌ఐఓ స్థానంలో రెండు లైన్లలో పెట్టేయొచ్చు, నిజంగానే వేగం పెరుగుతుంది. విండోస్‌లో మాత్రం నడవదు. మీ బాధ బ్లాకింగ్ కాల్ అయితే ఇది ఏమీ చేయలేదు. ట్రియో లైబ్రరీ టాస్క్‌ల పుట్టుకనీ చావునీ ఎంతో శుభ్రంగా నడుపుతుంది, నాకు చాలా ఇష్టం. కానీ అసింక్‌ఐఓ కోసం రాసిన డ్రైవర్లు దాంట్లో నేరుగా పనిచేయవు. అదే ఆలోచన నుంచి వచ్చిన టాస్క్‌గ్రూప్ ఇప్పుడు 3.11 నుంచి అసింక్‌ఐఓలోనే ఉంది. చాలామందికి అది చాలు.

భాష మార్చే స్వేచ్ఛ ఉంటే

కొత్తగా మొదలుపెడుతూ, టీమ్‌కి గో భాష వచ్చి ఉంటే, ఇలాంటి సర్వర్‌కి నేను గో వైపే మొగ్గుతాను. దాని తేలికపాటి థ్రెడ్ లాంటి గోరొటీన్ 2 కేబీ స్టాక్‌తో మొదలవుతుంది, కనెక్షన్‌కొకటి పెట్టేయొచ్చు. రాసేటప్పుడు థ్రెడ్‌లా ఉంటుంది, కింద రన్‌టైమ్ ఈపోల్‌తోనే పని నడిపిస్తుంది. బ్లాకింగ్ లైబ్రరీనా కాదా అనే బెడద పెద్దగా ఉండదు. కానీ లాకుల టెన్షన్ తిరిగొస్తుంది. రెండు గోరొటీన్లు ఒకే మ్యాప్‌లో (గోలో డిక్షనరీ పేరు ఇదే) ఒకేసారి రాస్తే ప్రోగ్రామ్ మొత్తం కూలిపోతుంది.

జావా వాళ్ళకి 2023లో జేడీకే 21తో వర్చువల్ థ్రెడ్స్ వచ్చాక లూప్‌ని నేరుగా ముట్టుకోవాల్సిన అవసరం చాలావరకు పోయింది. పాత కోడ్‌లో సింక్రనైజ్డ్ బ్లాకులు ఎక్కువుంటే జేడీకే 24కి వెళ్ళండి. అంతకు ముందు వెర్షన్లలో వాటి లోపల ఆగిన వర్చువల్ థ్రెడ్ అసలు థ్రెడ్‌ని కూడా పట్టుకుని కూర్చునేది. నోడ్‌లో లూప్ తప్ప వేరే దారే లేదు కాబట్టి లైబ్రరీలన్నీ దానికి తగ్గట్టే ఉంటాయి, అదే దాని బలం. కాకపోతే మామూలు డీఎన్ఎస్ లుకప్, ఫైళ్ళ పని నాలుగు థ్రెడ్ల చిన్న పూల్‌లోకి పోతాయని గుర్తుంచుకోండి. రస్ట్ భాష, దాని అసింక్ లైబ్రరీ టోకియో, ఈ జోడీ గొప్పదే. బస్సుల లైన్లు చదవడానికి మాత్రం నేను అంత దూరం వెళ్ళను.

మార్చేముందు కొలవండి

లూప్ ఎంచుకున్నాక రెండు పరీక్షలు చేయకుండా లైవ్‌కి వెళ్ళకండి. మొదటిది, సర్వర్‌ని రీస్టార్ట్ చేసి మూడు వేల పెట్టెలూ ఒకేసారి మళ్ళీ తలుపు తట్టేలా చేయడం. అసింక్‌ఐఓ సర్వర్‌లో వేచి ఉండే వరస మామూలుగా 100 మాత్రమే, బ్యాక్‌లాగ్ అనే సెట్టింగ్‌తో పెంచుకోవచ్చు. కెర్నల్ హద్దు కూడా చూసుకోండి. లైనక్స్ 5.4కి ముందు అది 128, ఆ తర్వాత 4096.

రెండోది, లూప్ ఎంత ఆలస్యంగా నడుస్తోందో చూడటం. అసింక్‌ఐఓ డీబగ్ మోడ్ 100 మిల్లీసెకన్లు దాటిన ప్రతి కాల్‌నీ లాగ్‌లో రాస్తుంది. మా 4 మిల్లీసెకన్ల ఇన్సర్ట్ ఆ జల్లెడలో పడేది కాదు. అందుకని ఆ హద్దు తగ్గించుకోవాలి. ఇంకా తేలికైన ఉపాయం: సెకను నిద్రపోయి లేచి, ఎన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా లేచానో రాసుకునే ఒక బుల్లి టాస్క్. మేం దాన్ని పెట్టి ఒక రాత్రి వదిలేశాం. పొద్దున చూస్తే గీత అంతా చదునుగా ఉంది, సరిగ్గా అర్ధరాత్రి దగ్గర ఒక్కచోట రెండు సెకన్ల ముల్లు. డేటాబేస్ కాదు, నెట్‌వర్క్ కాదు. ఆ రోజు లాగ్ ఫైలుని జిప్ చేసే ఒకే ఒక్క లైను, లూప్ లోపల.